బోరు వేయడం సగం పనే

చమురు బావి అనగానే మనకు కోనసీమ గుర్తొస్తుంది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావిలో గ్యాస్ అదుపు తప్పి పైకి తన్నింది. అంటుకున్న మంట 65 రోజులు ఆరలేదు. మార్చి 15న గానీ ఆ బావి నోరు మూయలేకపోయారు. మన అమ్మానాన్నల వయసు వాళ్లను అడగండి, పేపర్లో చూసిన ఆ మంట బొమ్మ ఇంకా గుర్తుందంటారు. పాతికేళ్ల తర్వాత, 2020 ఫిబ్రవరిలో, కాట్రేనికోన మండలం ఉప్పూడి దగ్గర మరో బావి నుంచి గ్యాస్ ఎగదన్నితే ఊరి జనాన్ని ఖాళీ చేయించారు.

అదంతా గోదావరి వైపు సంగతి, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చమురూ లేదు, గ్యాసూ లేదు, మనకెందుకు అనిపించొచ్చు. చమురు లేని మాట నిజమే. కానీ భూమికి పెట్టిన రంధ్రాల లెక్క తీస్తే మనం ఎవరికీ తీసిపోం. పలమనేరు, పుంగనూరు, కుప్పం, మదనపల్లె వైపు ఏ ఊరికైనా పోయి ఒక రైతును పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఎన్ని బోర్లు వేశాడో, ఏది ఎన్ని అడుగులు పోయిందో, దేంట్లో ఎన్ని ఇంచీల నీళ్లు పడ్డాయో, దేనికి ఎంత అప్పు తెచ్చాడో వేళ్ల మీద చెప్తాడు. "మరి నీళ్లు పడని వాటిని ఏం చేసినారు?" అని అడిగితే మాత్రం జవాబు చిన్నది. "ఏం జేస్తాం? అట్నే వదిలేసినాం."

ఈ వ్యాసం ఆ "అట్నే వదిలేసినాం" గురించి. వదిలేసిన చమురు బావులు ప్రపంచానికి నేర్పిన పాఠం ఒకటుంది. భూమిలోకి రంధ్రం పెట్టడం ఇంజనీరింగ్‌లో సగం పనే, దాన్ని సరిగ్గా మూయడం మిగతా సగం. మన బోర్ల విషయంలో మొదటి సగానికి లక్షలు పెడుతున్నాం. రెండో సగానికి ఒక గోనెసంచి, ఒక రాయి.

కింద ఏముంది?

మన పొలాల కింద ఎక్కువగా ఉన్నది గ్రానైటు, నైస్ రకం రాయి. దాన్ని చూడటానికి తవ్వాల్సిన పని లేదు. తిరుమల ఘాట్ రోడ్డులో ఒకచోట కొండ కోతలో రెండు రకాల రాళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చున్న గీత కనిపిస్తుంది. భూగర్భ శాస్త్రం చదివేవాళ్లు దేశమంతటి నుంచీ దాన్ని చూడటానికి వస్తారు. గీత పైన ఉన్నది కడప శ్రేణికి చెందిన క్వార్ట్జైటు. కింద ఉన్నది అంతకంటే కోట్ల ఏళ్లు పాతదైన గ్రానైటు. అలాంటి పాత రాయే పడమటి మండలాల దాకా మన కాళ్ల కింద పరుచుకుని ఉంది.

ఇసుక నేలలో నీళ్లు స్పాంజిలో ఉన్నట్టు రేణువుల మధ్య నిలుస్తాయి. గ్రానైటులో ఆ సందు లేదు. పైన కొన్ని పదుల అడుగుల వరకు రాయి మెత్తబడి మొరంగా మారిన పొర ఉంటుంది. మన తాతల కాలపు దిగుడు బావులు, కపిల తోలిన బావులు బతికింది ఆ పొరలోని నీళ్ల మీదే. దాని కిందంతా గట్టి రాయి. అక్కడ నీళ్లు ఉంటే పగుళ్లలోనే ఉండాలి. బోరు బండి వాళ్లు ఆ పగులును "గ్యాపు" అంటారు. గ్యాపు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. అందుకే ఇదొక లాటరీ. ఒక బోరులో రెండించీల నీళ్లు పడతాయి, ముప్పై అడుగుల అవతల వేసిన బోరులో చుక్క ఉండదు. కొబ్బరికాయతో పాయింటు పెట్టినా, వేపపుల్లతో పెట్టినా, మీటరు తెచ్చి పెట్టినా రైతు గుండె మాత్రం బండి ఆగేదాకా కొట్టుకుంటూనే ఉంటుంది.

ఒకప్పుడు 200, 300 అడుగుల్లో నీళ్లు దొరికిన చోట ఇప్పుడు 1000 అడుగులు దాటుతున్నారు. పక్క పొలంలో లోతు బోరు పడితే మన పాత బోరు ఎండిపోతుంది. కాబట్టి వదిలేసిన బోర్లు మూడు రకాలు. వేసిన రోజే నీళ్లు పడనివి, కొన్నేళ్లు ఇచ్చి ఎండిపోయినవి, మోటారో పైపులో లోపల ఇరుక్కుపోయి పనికిరాకుండా పోయినవి. వీటిలో మొదటి రకం అన్నింటికంటే ప్రమాదం. ఎందుకో చూద్దాం.

బండి వెళ్లిపోయిన రాత్రి

బోరు వేసే పద్ధతి మనలో చాలామంది చూసిందే. కంప్రెసర్ గాలితో సుత్తి లాంటి బిట్టు కింద రాయిని కొడుతూ, తిరుగుతూ దిగుతుంది. పొడి అయిన రాయిని అదే గాలి పైకి ఊదేస్తుంది. పైన మొరం పొరలో గోడలు కూలిపోకుండా కొంచెం వెడల్పుగా తవ్వి కేసింగు పైపు దింపుతారు. గట్టి రాయి తగిలాక కేసింగు అక్కర్లేదు, ఆరున్నర ఇంచీల రంధ్రం అలాగే నిలబడుతుంది.

వెయ్యి అడుగులు పోయినా దుమ్మే వచ్చిందనుకోండి. అప్పటికే ఖర్చు లక్ష దాటి ఉంటుంది. చాలాచోట్ల అప్పుడు జరిగే పని ఒకటుంది. దింపిన కేసింగు పైపును పైకి లాగేస్తారు. దాన్ని ఇంకో బోరుకు వాడుకోవచ్చు, ఆ మేరకైనా డబ్బు మిగులుతుందని. రైతు వైపు నుంచి చూస్తే తప్పు పట్టలేం. కానీ ఇంజనీరింగ్ వైపు నుంచి చూస్తే ఆ పైపే పై మట్టిని ఆపి ఉంచిన గోడ. అది పోగానే అంచులు రాలడం మొదలవుతుంది. ఒక్క వానకు రంధ్రం నోరు గరాటులా వెడల్పవుతుంది. పైన అడుగు వెడల్పు, కిందికి పోయేకొద్దీ సన్నం. చిన్నపిల్లల భుజాలు పట్టడానికి అంత చాలు.

బండి మాత్రం ఆ రాత్రికే వెళ్లిపోతుంది. మన వైపు వచ్చే బండ్లలో చాలావరకు తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వస్తాయి. వాటికి సీజనులో ఒక రోజు ఆగితే ఒక రోజు నష్టం. తెల్లారేసరికి పొలంలో మిగిలేది తెల్లటి రాతిపొడి కుప్ప, పక్కనే ఒక రంధ్రం, దాని మీద ఒక గోనెసంచి, సంచి మీద రాయి, చుట్టూ నాలుగు తుమ్మకంపలు. గోనెసంచి ఒక ఎండాకాలానికి పొడవుతుంది. కంపలు పొయ్యిలోకి పోతాయి. రాయిని దున్నేటప్పుడు ఎవరో పక్కకు తోసేస్తారు. ఆ తర్వాత గడ్డి మొలుస్తుంది. గడ్డి మొలిచాక అక్కడ రంధ్రం ఉందని తెలిసింది ఆ రైతు ఒక్కడికే.

చమురు వాళ్లు ఏం చేస్తారు?

చమురు బావిలో నిల్వ తరిగిపోయాక కంపెనీ దాన్ని ఊరికే వదిలి పోకూడదు. మన దేశంలో చమురు గనుల నిబంధనల్లో వదిలేసే బావిని ఎలా మూయాలో ప్రత్యేకంగా ఉంది. సూత్రం సులువు. చమురు, గ్యాస్, ఉప్పునీరు, మంచినీరు వేర్వేరు పొరల్లో ఉంటాయి. కోట్ల ఏళ్లుగా వాటి మధ్య రాయి అడ్డం ఉంది. మనం ఆ అడ్డాన్ని ఛేదించాం కాబట్టి మళ్లీ అడ్డం పెట్టాలి. అందుకని చమురు వచ్చిన పొర దగ్గర సిమెంటు ప్లగ్గు, మధ్యలో బరువైన డ్రిల్లింగ్ బురద, మంచినీటి పొరను కాపాడేలా మరో ప్లగ్గు, నేలకు దగ్గరలో ఇంకో ప్లగ్గు వేస్తారు. చివరికి నేల కింద కేసింగును కోసి ఉక్కు పలక వెల్డింగ్ చేస్తారు. ప్రతి ప్లగ్గు గట్టిపడిందో లేదో పరీక్షిస్తారు.

ఇదంతా మొదటి నుంచీ ఉన్న తెలివి కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం టైటస్‌విల్ దగ్గర 1859లో చమురు బావుల వ్యాపారం మొదలైంది. ఆ తొలి రోజుల్లో బావి ఎండిపోతే చెట్టు మొద్దులు, రాళ్లు కుక్కి పోయేవాళ్లు. మన గోనెసంచి, తుమ్మకంపలకు అన్నదమ్ములే అవి. మొద్దులు కుళ్లాయి, కేసింగు ఉక్కు తుప్పు పట్టింది, బావులు ఎక్కడున్నాయో చెప్పే కాగితాలు పోయాయి. అమెరికా పర్యావరణ సంస్థ అంచనా ప్రకారం ఇప్పుడు ఆ దేశంలో వదిలేసిన చమురు, గ్యాస్ బావులు 30 లక్షలకు పైనే. వాటిలో చాలావాటి నుంచి మీథేన్ కారుతోంది. 20 ఏళ్ల లెక్కలో చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. కొన్నిచోట్ల ఉప్పునీరు, చమురు తాగునీటి పొరల్లోకి చేరాయి. ఇళ్ల కింద పాత బావులు ఉన్నాయని తెలియక కట్టుకున్నవాళ్ల ఇళ్లలోకి గ్యాస్ చేరింది.

మన బోరుకూ ఆ బావికీ తేడా ఒక్కటే, ప్రమాదం నడిచే దిక్కు. చమురు బావిలో కింద ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఉన్నది పైకి వస్తుంది. మన ఎండు బోరులో ఒత్తిడి లేదు, ఖాళీ ఉంది. కాబట్టి పైన ఉన్నది కిందికి పోతుంది. పైన ఏం ఉంటే అది.

కిందికి పోయేవి

వాన నీళ్లు నేలలోకి ఇంకేటప్పుడు మట్టి వాటిని వడకడుతుంది. అడుగులకు అడుగులు మట్టి, మొరం దాటేసరికి చాలా క్రిములు అక్కడే ఆగిపోతాయి. తెరిచి ఉన్న బోరు ఈ వడపోతకు అడ్డదారి. పొలంలో చల్లిన యూరియా, పురుగుమందు, పశువుల కొట్టం కడిగిన నీళ్లు వానలో కలిసి వస్తే నేరుగా వందల అడుగుల కింద ఉన్న పగుళ్లలోకి దిగుతాయి. గ్రానైటు పగుళ్లలో నీళ్లు నడిచే దారి సన్నం, కానీ పొడవు. ఇసుక పొరలో జరిగినట్టు అక్కడ వడపోత జరగదు. ఈ పొలంలో దిగింది ఏ పగులు వెంట పోయి ఎవరి తాగునీటి బోరులో తేలుతుందో పైనుంచి చెప్పలేం.

ఊళ్లలో, పట్టణాల అంచుల్లో దీనికంటే ఘోరం జరుగుతుంటుంది. ఎండిన బోరు ఉంది కదా అని ఇంటి మురుగునీళ్ల పైపు అందులోకి వదులుతారు. "ఎంత పోసినా నిండదు" అని మురిసిపోతారు కూడా. నిండకపోవడం అంటే ఎక్కడికో పోతోందని అర్థం. ఆ ఎక్కడికో అన్నది పక్కింటివాళ్లు తోడుకునే నీళ్లే కావచ్చు.

రెండో నష్టం కంటికి కనపడదు. పై మొరం పొరలో కొద్దో గొప్పో నీళ్లు ఉంటే, కేసింగు తీసేసిన ఎండు బోరు వాటిని కింది పగుళ్లలోకి జార్చేస్తుంది. తొట్టికి అడుగున బెజ్జం పెట్టినట్టే. దిగుడు బావి ఎండిపోవడానికి కరువు ఒక్కటే కారణం కాకపోవచ్చు, చుట్టూ ఉన్న మూయని బోర్లు కూడా కావచ్చు. అలాగే లోతు పొరల్లో ఫ్లోరైడు ఎక్కువ ఉన్నచోట ఆ నీళ్లూ, పై నీళ్లూ ఒకే రంధ్రంలో కలిసిపోతాయి. రాయి కోట్ల ఏళ్లు విడిగా ఉంచిన వాటిని మనం ఒక్క రోజులో కలిపేస్తున్నాం.

పిల్లలు

కిందికి పోయేవాటిలో అన్నింటికంటే బాధాకరమైనది మనకు టీవీల వల్ల తెలుసు. 2006 జులైలో హర్యానాలోని కురుక్షేత్ర జిల్లాలో ఐదేళ్ల పిల్లాడు బోరుబావిలో పడితే దేశమంతా టీవీల ముందు కూర్చుంది. రెండు రోజుల తర్వాత ప్రాణాలతో బయటికి తీశారు. ఆ ఆనందం వల్ల మనకొక తప్పుడు నమ్మకం కలిగింది, పడినా తీయొచ్చులే అని.

తర్వాత జరిగినవి చూడండి. 2017 జూన్‌లో తెలంగాణలోని చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడెంలో ఏడాదిన్నర పాప పడింది. రోజుల తరబడి ప్రయత్నించినా దక్కలేదు. అదే ఏడాది ఆగస్టులో మన రాష్ట్రంలోనే వినుకొండ దగ్గర ఉమ్మడివరంలో రెండేళ్ల బాబు పడితే ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు రాత్రంతా కష్టపడి బతికించారు. బాబు మరీ లోతుకు జారకపోవడం అదృష్టం. 2019 అక్టోబరులో తమిళనాడు తిరుచ్చి జిల్లా నడుకాట్టుపట్టిలో రెండేళ్ల బాబు కోసం నాలుగు రోజులు పోరాడారు. పక్కన సమాంతరంగా గొయ్యి తవ్వడానికి పెద్ద పెద్ద రిగ్గులు తెచ్చినా గట్టి రాయి అడ్డం తగిలింది. బాబు బతకలేదు. 2020 మేలో మెదక్ జిల్లా పోడ్చన్‌పల్లిలో మూడేళ్ల బాబు పడింది ఎప్పుడో వదిలేసిన బోరులో కాదు. నీళ్లు పడలేదని ఆ రోజే వదిలిన బోరులో. తెల్లారేసరికి శవంగా బయటికి తీశారు.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. రంధ్రం ఇరుకు కాబట్టి పెద్దవాళ్లు దిగలేరు. పక్కన గొయ్యి తవ్వి అడ్డంగా సొరంగం వేయాలి. మెత్తటి నేలలో ప్రొక్లెయినర్‌తో కొన్ని గంటల పని. గ్రానైటులో రోజులు పడుతుంది. ఆ లోపు యంత్రాల అదురుకు మట్టి రాలుతుంది, బిడ్డ ఇంకా కిందికి జారుతుంది. మన జిల్లాల్లో ఉన్నది ఆ గ్రానైటే. అంటే మన దగ్గర పడ్డాక తీయడం మిగతా చోట్ల కంటే కష్టం. కాబట్టి పడకుండా చూడటం ఒక్కటే మన చేతిలో ఉన్న దారి.

కాగితం మీద ఏముంది?

చట్టం లేదని ఎవరూ అనలేరు. మన రాష్ట్రంలో 2002 నుంచి నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది. వాల్టా అంటాం. దాని ప్రకారం బోరుకు అనుమతి ఉండాలి, రిగ్గులు నమోదై ఉండాలి. వదిలేసిన బోర్లలో పిల్లలు పడుతున్న సంగతిని సుప్రీంకోర్టు 2009లో తనే విచారణకు తీసుకుని 2010 ఫిబ్రవరిలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది, అదే ఏడాది ఆగస్టులో వాటిని సవరించింది.

వాటి సారం ఇది. బోరు వేయడానికి 15 రోజుల ముందు భూమి యజమాని అధికారులకు రాతపూర్వకంగా చెప్పాలి. పని జరిగేచోట రిగ్గు వాళ్ల పేరు, యజమాని పేరు, చిరునామాలతో బోర్డు ఉండాలి. చుట్టూ ముళ్లకంచె గానీ వేరే అడ్డు గానీ పెట్టాలి. కేసింగు చుట్టూ అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 0.60 మీటర్ల ఎత్తున్న సిమెంటు దిమ్మె కట్టాలి. అందులో సగం నేల పైన, సగం నేల కింద. కేసింగు నోటికి ఉక్కు పలక వెల్డింగ్ చేయాలి, లేదా గట్టి మూతను నట్లు, బోల్టులతో బిగించాలి. మోటారు రిపేరుకు తీసినప్పుడు కూడా నోరు తెరిచి ఉంచకూడదు. వదిలేసే బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లు, తవ్వినప్పుడు వచ్చిన పొడి లాంటి వాటితో నింపాలి. సరిగ్గా నింపినట్టు సంబంధిత శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. పల్లెల్లో దీన్ని సర్పంచి, వ్యవసాయ శాఖ సిబ్బంది చూసుకోవాలి. లెక్కలు జిల్లా స్థాయిలో ఉండాలి.

మంచి నిబంధనలు. ఇంజనీరు రాసినట్టే ఉన్నాయి. ఇప్పుడు మీ ఊళ్లో ఎండిన బోర్లలో ఎన్నింటికి ఆ ధ్రువపత్రం ఉందో అడిగి చూడండి.

ఒక చిన్న లెక్క

"వెయ్యి అడుగులు నింపాలంటే ఎంత మట్టి గావాల? ఎవురు తోలతారు?" అన్నది చాలామంది రైతుల మాట. లెక్క వేద్దాం, మనకు వచ్చిన పనే కదా.

ఆరున్నర ఇంచీలంటే 0.165 మీటర్లు. వృత్తం వైశాల్యం సుమారు 0.0214 చదరపు మీటర్లు. వెయ్యి అడుగులంటే 305 మీటర్లు. రెండూ గుణిస్తే 6.5 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 230 ఘనపుటడుగులు. రెండు మూడు ట్రాక్టర్ల లోడు. వెయ్యి అడుగుల రంధ్రం అంటే భయపెట్టేంత లోతు, కానీ నింపడానికి పట్టేది అంతే.

ఇంకో సంగతి. ఆ రంధ్రంలో నుంచి వచ్చిన రాతిపొడి పక్కనే కుప్పగా ఉంది. గట్టి రాయి పొడి అయితే ఎక్కువ చోటు పడుతుంది. కాబట్టి గాలికి పోయింది పోగా మిగిలిన దానితోనే చాలా భాగం నిండుతుంది. మూతకు కావాల్సిన సరుకును బోరు తనే ఇచ్చి పోయింది.

అయితే పారతో తోసేస్తే పని అయిపోదు. సన్నటి రంధ్రంలో ఒకేసారి ఎక్కువ పోస్తే మధ్యలో ఎక్కడో అడ్డంగా ఇరుక్కుంటుంది. పైనుంచి చూస్తే నిండినట్టే ఉంటుంది, కింద వందల అడుగులు ఖాళీ. ఏదో ఒక వానాకాలంలో ఆ అడ్డం కరిగి పై మట్టంతా ఒక్కసారిగా కూలిపోతుంది. మూశామని ధీమాగా ఉన్న చోటే మళ్లీ నోరు తెరుచుకుంటుంది. దీనికి ముందు జాగ్రత్తలు ఉన్నాయి. పెద్ద రాళ్లు వేయకూడదు. అడుగున చిన్న గులకరాళ్లు, తర్వాత రాతిపొడి, ఇసుక. అన్నీ నిదానంగా, కొద్దికొద్దిగా. లోపల నీళ్లు నిలిచి ఉంటే ఇంకా నిదానం, పొడి మునిగి కిందికి చేరడానికి టైం ఇవ్వాలి. మధ్యమధ్యలో తాడుకు బరువు కట్టి వదిలి ఎంత నిండిందో కొలవాలి. ఇక్కడే పై లెక్క పనికొస్తుంది. వెయ్యి అడుగుల బోరు ఒక్క ట్రాక్టరుకే నిండిపోయిందంటే సంబరపడకూడదు, మధ్యలో ఇరుక్కుందని అర్థం.

చివరి పదిహేను ఇరవై అడుగుల్లో బంకమట్టి వేయాలి. చెరువు అడుగున దొరికేది చాలు. దాన్ని తడిపి దిమ్మిస కొడితే నీళ్లు దిగవు. దాని పైన సిమెంటు. నేల మీద కొంచెం దిబ్బగా వదిలితే మట్టి కుంగినా గుంత పడదు, వాన నీళ్లు పక్కకు పోతాయి. ఒక వానాకాలం గడిచాక మళ్లీ వచ్చి చూసుకోవాలి.

ఎండిన బోరును ఇంకుడు గుంతగా మార్చొచ్చు కదా అని అడగొచ్చు. కొన్నింటిని మార్చొచ్చు. కానీ పగుళ్లు ఉన్న బోరే నీళ్లు మింగుతుంది. గ్యాపే తగలని బోరు గ్లాసు లాంటిది, నిండి ఊరుకుంటుంది. పనికొచ్చే బోరుకైనా చుట్టూ ఇసుక, కంకరతో వడపోత గుంత ఉండాలి, కేసింగు ఉండాలి, పైన మూత ఉండాలి. కాలువ నీళ్లను నేరుగా బోరులోకి తిప్పడం భూగర్భజలాన్ని పెంచడం కాదు, పాడుచేయడం.

ఖర్చు ఎవరిది?

లెక్క ఇంత చిన్నదైనప్పుడు ఎందుకు జరగడం లేదు? రైతుకు తెలియక కాదు. బోరు ఎండిన నిమిషంలో ఆ మనిషి స్థితి ఆలోచించండి. బంగారం కుదవ పెట్టి తెచ్చిన డబ్బు దుమ్ములో పోయింది. టమాటా నారు ఎండిపోతోంది. బండి వాళ్లకు ఇంకా బాకీ ఉంది. ఇంకో పాయింటు చూడాలా, బెంగళూరుకు పనికి పోవాలా అన్న ఆలోచనలో ఉన్నవాడిని పట్టుకుని "ఇంకో ఐదారు వేలు పెట్టి దీన్ని మూయి" అంటే ఎలా మూస్తాడు? మన పద్ధతిలో ఉన్న లోపం ఇదే. మూసే బాధ్యతను, దానికి డబ్బు అస్సలు లేని రోజున, డబ్బు అస్సలు లేని మనిషి మీద పెట్టాం.

అమెరికాలో జరిగింది కూడా ఇలాంటిదే. చమురు ఉన్నంతకాలం కంపెనీలు సంపాదించుకున్నాయి. బావి ఎండాక కొన్ని దివాలా తీశాయి. బావి మిగిలింది, యజమాని లేడు. వాటిని "అనాథ బావులు" అని పిలుస్తున్నారు. చివరికి 2021లో వాటిని మూయడానికి ఆ దేశ ప్రభుత్వం 470 కోట్ల డాలర్లు కేటాయించాల్సి వచ్చింది. అది జనం కట్టిన పన్ను. దాని నుంచి వాళ్లు నేర్చుకున్నది ఏమిటంటే, మూసే డబ్బు తవ్వక ముందే పక్కన పెట్టించాలి. తవ్వడానికి అనుమతి అడిగే కంపెనీ దగ్గర ముందే డిపాజిట్ తీసుకుంటారు. ఆ డిపాజిట్ సరిపోయేంత ఉండాలన్నది ఇప్పుడు అక్కడ జరుగుతున్న వాదన.

మన బోర్లకు ఇంత పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. అడుగుకు ఇంత అని బండి వాళ్లు రేటు మాట్లాడతారు కదా, ఆ రేటులోనే మూసే ఖర్చు కలిసి ఉండాలి. నీళ్లు పడితే దిమ్మె, మూత. పడకపోతే నింపడం. ఏదైనా సరే బండి కదలక ముందే అయిపోవాలి. పొడి కుప్ప అక్కడే ఉంది, మనుషులు అక్కడే ఉన్నారు, లోతు ఎంతో వాళ్లకు తెలుసు. మర్నాటికి ఈ మూడింటిలో ఏదీ ఉండదు. ఆ పని చేసిన ఫొటో గ్రామ సచివాలయంలో ఇస్తేనే రిగ్గు నమోదు కొనసాగుతుందని ఒక్క షరతు పెడితే చాలు, రైతు మీద కేసు పెట్టాల్సిన పని రాదు. ఎప్పుడో వదిలేసిన పాత బోర్లు మాత్రం ప్రభుత్వమే మూయాలి. వాటిని రైతు నెత్తిన వేస్తే అవి గడ్డి కిందే ఉండిపోతాయి.

మన వంతు

మనలో సగం మంది పల్లెల నుంచి వచ్చినవాళ్లమే. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి మన పొలంలో, చుట్టుపక్కల పొలాల్లో ఎండిన బోర్లు ఎక్కడున్నాయో తెలుసుకోండి. ఎక్కడుందో గుర్తున్నది వాళ్లకే, వాళ్ల తర్వాత ఎవరికీ తెలియదు. ఫోనులో లొకేషను, ఫొటో తీసి పెట్టుకోండి. కేసింగు ఉన్నదానికి బోల్టుల మూత వేయించడం వెల్డింగ్ షాపులో అరపూట పని. కేసింగు లేనిదాన్ని నింపాల్సిందే. అప్పటిదాకా కంచె వేసి, వివరాలు గ్రామ సచివాలయంలో రాసివ్వండి, రసీదు తీసుకోండి. పిట్టగోడ లేని పాత దిగుడు బావి దారి పక్కన ఉంటే దాన్ని కూడా ఆ కాగితంలోనే రాయండి. ఎన్ఎస్ఎస్ క్యాంపులో మొక్కలు నాటే రోజుల్లో ఒక రోజు దీనికి ఇవ్వొచ్చు. సివిల్ వాళ్లు నింపే లెక్క చూస్తారు, మెకానికల్ వాళ్లు మూత చేస్తారు, సీఎస్ఈ వాళ్లు మ్యాపు పెడతారు.

ఎవరైనా పడిన సంగతి తెలిస్తే వెంటనే 112కు చెప్పాలి, రంధ్రం చుట్టూ జనం గుమిగూడకుండా ఆపాలి. అంచున ఒక్కో అడుగు బరువూ లోపలికి మట్టిని రాలుస్తుంది.

ఇంకొకటి. ఈ వేసవిలో మీ ఊళ్లో ఎక్కడైనా రాత్రిపూట బోరు బండి చప్పుడు వినిపిస్తే పోయి చూడండి. నీళ్లు పడితే అందరితో పాటు మీరూ సంతోషపడండి. పడకపోతే, ఎవరూ ఏమీ మాట్లాడని ఆ టైంలో, కేసింగు లాగక ముందే బండి వాళ్లను ఒక్క మాట అడగండి. "అన్నా, ఈ పొడి మళ్లీ లోపలికి పోసి పోతారా?"